లోకల్ రైలు ప్రైవేటుకిస్తే కోరుకొండలో ఆగుతుందా?

కోరుకొండ సీజన్ టికెట్టు:
పదకొండేళ్ళుగా రోజూ విజయనగరం పక్క కోరుకొండలో పాసింజరెక్కి విశాఖ వెళ్ళి, రాత్రికి ఇల్లు చేరే బతుకు నాది. మొన్న కొత్తవలస దగ్గర బండి నలభై నిమిషాలు నిలబడిపోయింది. ఎదురు సీటాయన "మెల్‌బోర్న్‌లో లోకల్ రైళ్ళన్నీ ప్రైవేటు కంపెనీయే నడుపుతుందట, మనవీ ఇచ్చేస్తే పీడా వదులుతుంది" అన్నాడు. పెట్టెలో సగం మంది ఔనన్నారు. నేను వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ ఊరుకున్నాను.

నాకు తెలియాల్సింది ఒక్కటే. కంపెనీకి డబ్బు దేనికిస్తారు? జనాన్ని ఎక్కించుకున్నందుకా, బండిని టైముకి చేర్చినందుకా? టైముకే అయితే, మా స్టేషన్లో దిగేది పాతికమంది. మమ్మల్ని వదిలేసి పోతే రెండు నిమిషాలు కలిసొస్తుంది కదా!

పొందూరు కుర్రాడు, మెల్‌బోర్న్:
అన్నా, మీకొచ్చిన అనుమానమే ఇక్కడ పెద్ద గొడవైంది. 2009 నుంచి ఇక్కడి రైళ్ళు నడుపుతున్నది మెట్రో ట్రైన్స్, అందులో పెద్ద వాటా హాంకాంగ్ రైలు కంపెనీ ఎంటీఆర్‌ది. పట్టాలూ రైళ్ళూ వాళ్ళ సొంతం కావు, నడపడం, నిర్వహణ వాళ్ళ పని. గమ్యానికి 4 నిమిషాల 59 సెకన్ల లోపు ఆలస్యంతో చేరితే టైముకి వచ్చినట్టే లెక్క. ఆ లెక్క కోసం, ఆలస్యమైన బండిని మధ్య స్టేషన్లలో ఆపకుండా పరిగెత్తించేవారని పేపర్లు దుమ్మెత్తిపోశాయి. 2017లో కొత్త కాంట్రాక్టు రాసినప్పుడు దాన్ని కట్టడి చేశారు.

అంతకు ముందు కథ ఇంకోటుంది. 1999లో నెట్‌వర్కుని రెండు ముక్కలు చేసి రెండు ప్రైవేటు కంపెనీలకి ఇచ్చారు. జనం బాగా పెరుగుతారని లెక్కలేసుకున్న బ్రిటన్ కంపెనీ నేషనల్ ఎక్స్‌ప్రెస్, తన ముక్కని వదిలేసి, 2002 డిసెంబరులో చేతులెత్తేసి వెళ్ళిపోయింది. రైళ్ళు ఆగకూడదు కదా, భారం ప్రభుత్వం మీదే పడింది.

రిటైర్డ్ గార్డు, బొబ్బిలి:
బాబూ, ఏటంటే, బండి నిలబడింది ఎవడు నడిపాడని కాదు. కొత్తవలసలో కిరండూల్ లైను కలుస్తాది. విజయనగరంలో రాయపూర్ లైను కలుస్తాది. ఇనుప ఖనిజం, బొగ్గు, హౌరా మెయిళ్ళు, అన్నీ ఆ పట్టాల మీదే. మీ పాసింజరు వాటి వెనక నిలబడాల్సిందే. కంపెనీ వాడొచ్చి డ్రైవరుకి టై కట్టినా సిగ్నలు పచ్చగా అయిపోదు.

ఇంకోటి. 2020లో కేంద్రం 109 మార్గాల్లో 151 ప్రైవేటు రైళ్ళకి పిలిచింది. పట్టాలు వాడినందుకు రుసుము కట్టాలి, ఆదాయంలో వాటా ఇవ్వాలి. మరుసటేడు బిడ్లు తెరిస్తే ఇద్దరే మిగిలారు, పథకం అక్కడే ఆగింది. ఛార్జీ వాళ్ళే పెట్టుకోవచ్చన్నా రాలేదు. మరి మన సీజను రేటుకి ఎవడొస్తాడు? తేడా డబ్బు ఎవరో ఒకరు కట్టాలి కదా. నా మటుకు నాకు ఇంకో లైను ముందు, కంపెనీ తర్వాత.

మీరట్ ఉద్యోగి, మాది చీపురుపల్లి:
గార్డు గారూ, పట్టాలు వేరుగా ఉంటే మాత్రం సంగతి వేరు. ఢిల్లీ-మీరట్ మధ్య వేగంగా నడిచే లోకల్ రైలు, నమో భారత్, లైను 82 కిలోమీటర్లు. సొంత పట్టాలు, గూడ్సు బళ్ళ గోల లేదు. లైను ప్రభుత్వ సంస్థది, నడపడం, నిర్వహణ 2022లో జర్మనీ రైల్వే సంస్థ డోయిచ్ బాన్ అనుబంధ సంస్థకి 12 ఏళ్ళకి ఇచ్చారు. నేను రోజూ ఎక్కుతాను, బాగుంటుంది.

కోరుకొండ సీజన్ టికెట్టు:
గార్డు గారికి దండాలు, పొందూరు తమ్ముడికి థాంక్స్. నేను అకౌంట్సు వాణ్ణి. ఇప్పుడు పెట్టెలో మళ్ళీ ఆ మాటొస్తే నేనడిగేది ఇదే: చెప్పిన స్టేషన్లో ఆపకపోతే కంపెనీ బిల్లులో ఎంత కోస్తారో కాగితం మీద ఉందా? ఎదురు సీటాయన ఇవాళ రాలేదు. బండి ఇంకా అలమండలోనే ఉంది, పక్క లైన్లో గూడ్సు పోతోంది. పెట్టెలు లెక్కపెడుతున్నాను, యాభై దాటాయి.