"చీ" తక్కువైందట: కషాయం తాగాలా, రక్తపరీక్ష చేయించాలా?

గ్వాంగ్‌జౌ_బాబాయ్:
ఇక్కడ ఉద్యోగంలో చేరి మూడేళ్లు. ఆర్నెల్లుగా ఒకటే నీరసం, రెండంతస్తులు ఎక్కితే ఆయాసం. ఆఫీసులో వాళ్లు చైనా సంప్రదాయ వైద్యుడి దగ్గరికి లాక్కెళ్లారు. నాలుక పాలిపోయిందనీ, అంచున పళ్ల గాట్లు పడ్డాయనీ చూపించి, రెండు చేతుల నాడీ పట్టి, "చీ తక్కువ, ప్లీహం బలహీనం" అన్నాడు. చీ అంటే వాళ్ల లెక్కలో ఒంట్లో తిరిగే ప్రాణశక్తట. మన భాషలో చీ తగ్గితే మంచిదేగా అని నవ్వుకున్నా! జిన్సెంగ్, బైజు, ఫూలింగ్, అతిమధురం కలిపిన కషాయం రాశాడు. తాగనా?

కషాయం_కనకం:
నిశ్చింతగా తాగండి. సాంగ్ రాజుల కాలం నుంచి వాడుతున్న "నలుగురు పెద్దమనుషుల కషాయం" అది. 1232లో చైనాలోని కైఫెంగ్ నగరం ముట్టడి తర్వాత జనం కుప్పలుగా చనిపోతుంటే, అది బయటి చలి వల్ల కాదు, ఆకలీ అలసటా భయం జీర్ణశక్తిని చంపేశాయి అని అప్పటి వైద్యుడు లీ దోంగ్‌యువాన్ గట్టిగా వాదించాడు. చీ వైద్యానికి పెద్ద దిక్కు ఆయనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక పదకొండో కూర్పులో కూడా ఇవన్నీ ఎక్కాయి.

చైనా_ఎంబీబీఎస్:
ఎక్కాయి, లెక్కలు రాసుకోవడానికి. వైద్యం పనిచేస్తుందని ముద్ర వేయడానికి కాదని ఆ సంస్థే చెప్పింది. మాకూ కాలేజీలో ఈ సబ్జెక్టు ఉండేది. వాళ్ల "ప్లీహం" మన శరీరంలోని ప్లీహం కాదు, అరుగుదల పనంతటికీ పెట్టిన పేరు. బాబాయ్, ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12, షుగర్ చూపించుకోండి. వేరే మాత్రలేమైనా వాడుతున్నారా?

గ్వాంగ్‌జౌ_బాబాయ్:
బీపీకి ఒకటి.

చైనా_ఎంబీబీఎస్:
అయితే కషాయం ఆపండి. అతిమధురం ఎక్కువ రోజులు తాగితే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడేవాళ్లకైతే జిన్సెంగ్‌తోనూ చిక్కే.

కషాయం_కనకం:
మీ మాత్రలకు సైడ్ ఎఫెక్టులే లేనట్టు! మలేరియా మందు ఆర్టిమిసినిన్ ఎక్కడిది? 2015లో నోబెల్ ఊరికే ఇచ్చారా?

చైనా_ఎంబీబీఎస్:
ఆ నోబెల్ అందుకున్న తూ యూయూ చైనా పాత గ్రంథంలో దారి వెతుక్కున్న మాట నిజమే. కానీ మొక్కలోంచి ఆ పదార్థం తీసి, పరీక్షించాకే అది మందైంది. చీని అలా ఎవరు కొలిచారు?

గ్వాంగ్‌జౌ_బాబాయ్:
రిపోర్టు వచ్చింది. హిమోగ్లోబిన్ 8.6.

కషాయం_కనకం:
చూశారా, నాలుక పాలిపోయిందని ఆయన ముందే చెప్పాడుగా!

చైనా_ఎంబీబీఎస్:
చూడటం బాగానే చూశాడండీ, కాదనను. పేరు పెట్టేసి అక్కడే ఆగిపోయాడు. మగవాళ్లలో ఇంత తగ్గిందంటే రక్తం ఎక్కడో పోతుండొచ్చు. కడుపులో పోతుంటే మలం నల్లబడొచ్చు. బాబాయ్, మలం నల్లగా వస్తోందా?

గ్వాంగ్‌జౌ_బాబాయ్:
...నెలరోజులుగా. రేపు పొద్దున్నే ఆస్పత్రికి వెళ్తున్నా.