15 వేలలో రోడ్ బైకు చక్రాలు: మన సీమ రోడ్లకు ఏవి నిలుస్తాయి?

గుత్తి రోడ్డు (అనంతపురం)

అందరికీ నమస్కారం. మూడేళ్ల క్రితం కొన్న అల్యూమినియం ఫ్రేము రోడ్ బైకు మీద వారానికి మూడు రోజులు మబ్బులోనే బయలుదేరి గార్లదిన్నె వరకూ, ఆదివారాల్లో గుత్తి దాకా వెళ్లి వస్తుంటాను. నా బరువు 88 కిలోలు. బైకుతో పాటు వచ్చిన వెనుక చక్రానికి 24 స్పోకులు (పుల్లలు) ఉన్నాయి. వాటిలో ఈ ఏడాది మూడుసార్లు ఒక్కొక్కటి విరిగింది. మొన్న మూడోసారి పామిడి దగ్గర పెన్న వంతెన దాటుతుండగా టంగుమని చప్పుడైంది. ఏమిటా అని వంగి చూసేలోపే రిమ్ము బ్రేకు రబ్బరుకు రాసుకోవడం మొదలైంది. విరిగిన పుల్లను పక్క పుల్లకు చుట్టి, బ్రేకు పూర్తిగా వదులు చేసినా టైరు ఫ్రేముకు తగులుతూనే ఉండటంతో, చివరికి ఆటోలో బైకు వేసుకుని ఇల్లు చేరాను. దుకాణంలో ప్రతిసారీ ఒక పుల్ల మార్చి, బెండు తీసి పంపుతున్నారు, అంతే.

చక్రాలే మార్చేద్దామని 15 వేల రూపాయలు పక్కన పెట్టుకున్నాను. షిమానో ఆర్ఎస్100 జత కొత్తది కొనవచ్చు, లేదా ఒక మిత్రుడు అమ్ముతానంటున్న 50 మి.మీ. లోతు రిమ్ములున్న కార్బన్ చక్రాలు తీసుకోవచ్చు. విడిగా హబ్బులు (చక్రం నడిమి భాగాలు), రిమ్ములు కొని అల్లించుకోవడం మరో దారి. నాది రిమ్ బ్రేకు బైకు, 10 స్పీడు కేసెట్టు (వెనుక చక్రం మీది పది పళ్లచక్రాల గుత్తి), 25 మి.మీ. టైర్లు. నవంబరులో 200 కి.మీ. బ్రెవే (గడువులోగా ముగించాల్సిన దూరపు సైకిలు ప్రయాణం) చేయాలని ఉంది. 13 గంటల 30 నిమిషాల గడువులో ఆటో ఎక్కే అవకాశం ఉండదు కాబట్టి, వాడినవారు ఉన్నది ఉన్నట్టు చెబితే మేలు.

బురుజు నీడ (కర్నూలు)

ఆర్ఎస్100 జతను రెండేళ్లుగా వాడుతున్నాను కాబట్టి దాని సంగతి చెబుతాను. జత బరువు సుమారు 1,900 గ్రాములు, అంటే మన బైకులతో వచ్చే చక్రాలతో పోలిస్తే పెద్దగా తేలిక కాదు. కొత్త చక్రాలు వేసుకుంటే బైకు ఎగిరిపోతుందని నేనూ ఆశపడ్డాను. ఓర్వకల్లు రాక్ గార్డెన్ దాకా పోయి రావడానికి అంతకుముందు ఎంత సమయం పట్టేదో ఇప్పటికీ అంతే పడుతోంది. అయితే రెండేళ్లలో ఒక్క పుల్ల విరగలేదు, బెండు తీయించింది ఒక్కసారే. హబ్బులో విడి బాల్స్ ఉంటాయి గనుక వానాకాలం వెళ్లగానే విప్పించి, కడిగించి, కొత్త గ్రీజు పెట్టిస్తే చాలు, మెత్తగా తిరుగుతుంది.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. నా బరువు 64 కిలోలు. ఆ జతలో ముందు 20, వెనుక 24 స్పోకులే ఉంటాయి. మీ పాత చక్రానికీ 24 పుల్లలే కదా.

నాకు నిజంగా తేడా తెలిసింది చక్రాల వల్ల కాదు, టైర్ల వల్ల. 25 తీసి 28 మి.మీ. టైర్లు వేసి, 100 పీఎస్ఐ కొట్టే అలవాటు మాని వెనుక 70, ముందు 65 పెట్టుకున్నాక, నంద్యాల రోడ్డులో సర్వీసు రోడ్డు గతుకుల మీద కూడా చేతులు తిమ్మిరెక్కడం తగ్గింది. మీ బరువుకు ఇంకాస్త ఎక్కువ గాలి కావాలి, 80కి అటూ ఇటూ చూడండి. కొనేముందు మీ బ్రేకు కింద, ఫ్రేము మధ్య 28కి చోటుందో లేదో కొలుచుకోండి. పల్లేరు కాయలకూ, కంప ముళ్లకూ ఏ టైరైనా ఒకటే అనుకోండి, అది వేరే ఏడుపు.

గువ్వలచెరువు ఘాట్ (కడప)

గుత్తి రోడ్డు గారూ, చక్రం కొనే ముందు పాత చక్రం ఎందుకు పుల్లలు విరుచుకుంటోందో తెలుసుకుంటే మంచిది, లేకపోతే కొత్తదానికీ అదే గతి పట్టవచ్చు. విరిగిన పుల్లను పారేసి ఉండకపోతే ఒకసారి చూడండి. హబ్బు అంచులో దూరే చోట, మెడ వంపు దగ్గర కత్తితో కోసినట్టు తెగి ఉంటే అది గుంతలో పడి విరిగింది కాదు, అలసి విరిగింది. చాలామంది బిగువు ఎక్కువై తెగిందనుకుంటారు. చాలాసార్లు జరిగేది దానికి తలకిందులు: పుల్ల వదులుగా ఉంటే చక్రం తిరిగిన ప్రతిసారీ, నేలకు ఆనుకునే వైపు వచ్చినప్పుడు సడలి, పైకి పోగానే మళ్లీ బిగుసుకుంటుంది. మీ లెక్కన వారానికి రెండు వందల కిలోమీటర్ల దాకా ఉంది కదా, అంటే దగ్గర దగ్గర లక్ష చుట్లు. తీగను అటూ ఇటూ వంచి తెంపినట్టే ఇదీను.

వెనుక చక్రానికి ఈ బాధ ఎక్కువ, ఎందుకంటే కేసెట్టుకు చోటివ్వడానికి కుడివైపు హబ్బు అంచును లోపలికి జరుపుతారు, దాంతో కుడి పుల్లలు బిగుతుగానూ ఎడమ పుల్లలు వాటిలో సగం బిగువుతోనూ ఉంటాయి. పైగా చౌక చక్రాలను యంత్రం అల్లుతుంది. తొలి కొన్ని వందల కిలోమీటర్లలో పుల్లలు సర్దుకున్నాక మనిషి చెయ్యి పడాలి, ఆ పని ఎవరూ చేయించరు. ఇంట్లోనే చూసుకునే పద్ధతి ఒకటుంది: ఒకే వైపు పుల్లలను వరసగా వేలితో మీటండి. అన్నీ ఇంచుమించు ఒకే శ్రుతిలో పలకాలి. ఒకటి ఖంగుమని, పక్కది పగిలిన కుండలా పలికితే, రిమ్ము కంటికి నిటారుగా కనిపించినా ఆ చక్రం మంచిది కాదు. ఒక్క పుల్ల మార్చి బెండు తీసేవారు రిమ్మును మాత్రమే చూస్తారు, బిగువును చూడరు.

88 కిలోలకు, బ్రెవేకు, నేనైతే 32 పుల్లల చక్రాన్ని మూడు అడ్ల అల్లికతో (ప్రతి పుల్లా మరో మూడు పుల్లలను అడ్డంగా దాటేలా) కట్టించుకుంటాను. చివరల్లో 2 మి.మీ., నడుమ 1.8 మి.మీ. ఉండే బటెడ్ స్పోకులు తీసుకోండి. నడుమ సన్నగా ఉండటం బలహీనత కాదు, ఆ సన్నని భాగం సాగి మెడ మీద పడే దెబ్బను తీసుకుంటుంది. 32లో ఒకటి పోయినా బ్రేకు వదులు చేసుకుని ఇల్లు చేరవచ్చు, 24లో ఒకటి పోతే ఏమవుతుందో మీకు పామిడిలో తెలిసింది. కిందటేడు నాకు వెనుక చక్రానికి కూలితో కలిపి 9 వేల లోపే అయింది. ముందు చక్రం మీద బరువు తక్కువ, ఉన్నదాన్నే బిగువు సరిచేయించి వాడుకుంటే, మిగిలిన సొమ్ముతో బురుజు నీడ గారు చెప్పిన టైర్లు వస్తాయి.

పాత కార్బన్ చక్రాల జోలికి వద్దు. రిమ్ బ్రేకుతో మా ఘాట్‌లో రాయచోటి వైపు నుంచి దిగేటప్పుడు బ్రేకు పట్టుకునే ఉంటే రిమ్ము వేడెక్కుతుంది. అల్యూమినియం ఆ వేడిని వదిలేస్తుంది, చౌకరకం కార్బన్‌లోని రెసిన్ (పోగులను అంటించి ఉంచే జిగురు) మెత్తబడుతుంది. ఘాట్ మీద ఆగి పాలకోవా తింటే మనకు విశ్రాంతి, రిమ్ముకూ విశ్రాంతి, కానీ ప్రతి మలుపులోనూ కోవా దొరకదు.

తాడిపత్రి బండ (అనంతపురం)

50 మి.మీ. చక్రాల గురించి నా అనుభవం కూడా కలుపుతాను. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా. ఆషాఢంలో తాడిపత్రి రోడ్డు మీద పక్క గాలికి ముందు చక్రం తెరచాపలా లాగుతుంది. అంతకంటే ప్రమాదం బండల లారీ దాటినప్పుడు: అది పక్కన ఉన్నంతసేపూ గాలి ఆగిపోతుంది, మనం తెలియకుండానే గాలివైపు వాలి ఉంటాం, లారీ పోగానే ఒక్క తోపుతో రోడ్డు దిగిపోతాం. ఒకసారి దిగాను కూడా. నెలలోపే అమ్మేశాను.

గుత్తి రోడ్డు (అనంతపురం)

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి చక్రం విప్పి ఎడమ పుల్లలు మీటి చూశాను. పన్నెండింటిలో అయిదు అసలు పలకనే లేదు, రెంటిని వేళ్లతో నొక్కితే కలిసిపోయాయి. ముగ్గురు మెకానిక్కులు పుల్లలు మార్చారు, ఒక్కరూ ఈ సంగతి చెప్పలేదు. 32 పుల్లల వెనుక చక్రానికే నిర్ణయించుకున్నాను. ఒక్క సందేహం: నాకు దొరికే హబ్బు 11 స్పీడుది, నా 10 స్పీడు కేసెట్టు దాని మీద కూర్చుంటుందా?

గువ్వలచెరువు ఘాట్ (కడప)

కూర్చుంటుంది. షిమానో రకం 11 స్పీడు రోడ్ ఫ్రీహబ్బు (హబ్బులో కేసెట్టు ఎక్కే భాగం) అయితే కేసెట్టు వెనుక 1.85 మి.మీ. స్పేసరు (సందు పూడ్చే రింగు) వేయాలి. ఎక్కువ 10 స్పీడు కేసెట్లకు వాటితోనే వచ్చే 1 మి.మీ. స్పేసరు కూడా ఉంటుంది, పాతచోటి నుంచి దాన్నీ తీసి దీనికి వేయండి, లేకపోతే బిగించాక కూడా కేసెట్టు ఆడుతుంది. అల్లించేటప్పుడే కుడివైపు కొలతవి రెండు, ఎడమవైపు కొలతవి రెండు పుల్లలు ఎక్కువ తీసుకుని ఫ్రేముకు టేపుతో చుట్టి ఉంచండి. ఆ పొడవులు దారిలోని సైకిలు షాపుల్లో దొరకవు. మొదటి 300 కి.మీ. గార్లదిన్నె దాకానే తిరిగి, మరోసారి బిగువు చూపించుకున్నాకే గుత్తి వెళ్లండి.