లెస్టర్‌లో మొదటి ఏడాది: ప్రైవేట్ హాల్ బుక్ చెయ్యాలా, మనవాళ్ళ ఇంట్లో చేరాలా?

నరసరావుపేట_నాన్న

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో డి మాంట్‌ఫోర్ట్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. సెప్టెంబరు 2026 ఇన్‌టేక్. ఉండే చోటు దగ్గరే ఇంట్లో గొడవంతా.

ఒకటి, క్యాంపస్‌కు నడిచి వెళ్ళగలిగే ప్రైవేట్ స్టూడెంట్ హాల్. ఎన్‌సూట్ గది (సొంత బాత్రూమ్ ఉన్నది), వారానికి 145 పౌండ్లు, 51 వారాల కాంట్రాక్టు, బిల్లులన్నీ అందులోనే. రెండోది, నార్‌బరో రోడ్డు దగ్గర తెలుగువాళ్ళుండే ఇల్లు. ఒక సీనియర్ అబ్బాయి ఇల్లంతా తన పేరు మీద తీసుకున్నాడట. ఇప్పటికే అయిదుగురున్నారు. మా అమ్మాయి ఇంకో అమ్మాయితో గది పంచుకోవాలి. బిల్లులతో కలిపి నెలకు 260. డిపాజిట్ 300 పౌండ్లకు సరిపడా రూపాయలు గుంటూరులో వాళ్ళ నాన్నగారి ఖాతాకు వెయ్యమన్నాడు.

మా బావమరిది రెండోదే మేలంటాడు. మా ఆవిడ హాల్ అంటోంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

కరీంనగర్_పోరడు

అంకుల్, నేను నార్‌బరో రోడ్డు పక్క గల్లీలనే ఉంటున్న. హాల్‌కు 145 ఇంటూ 51, అంటే 7,395. ఇంట్ల ఏడాదికి 3,120. తేడా 4,275 పౌండ్లు, మన పైసలల్ల అయిదు లక్షలకు అటూ ఇటూ. ఇక్కడ కనీస వేతనం గంటకు 12.71, క్లాసులు నడిచేటప్పుడు వారానికి 20 గంటలకు మించి చెయ్యొద్దు. అంటే ఆ తేడా పూడాలంటె ఇంచుమించు 17 వారాల కష్టం. అది గూడ పని దొరికితేనే. బ్యాంకు లోన్ మీద వచ్చేటోళ్ళకు సొంత బాత్రూమ్ అవసరమా?

ఇంకోటి, దిగిన రోజు బస్ సంది సిమ్ కార్డు దాకా చూపించేది మనోళ్ళే. హాల్‌ల పక్క గదోడు నెలైనా తన పేరు చెప్పడు.

క్లారెండన్‌పార్క్_అక్క

తమ్ముడి లెక్క సరిగ్గానే ఉంది. కానీ ఎవరి పేరు మీద ఎవరుంటున్నారన్నది అందులో లేదు.

బాబాయ్ గారూ, మీరు చెప్పినదాన్ని బట్టి యజమాని ఇల్లు సీనియర్‌కిచ్చాడు, సీనియర్ మీ అమ్మాయికి మంచమిస్తున్నాడు. చట్టం లెక్కలో మీ అమ్మాయికి ఆ సీనియరే ఓనరు, పైగా అదే ఇంట్లో ఉండే ఓనరు. ఓనరూ మనమూ ఒకే వంటగది, బాత్రూమ్ వాడుకుంటుంటే మనం లాడ్జర్ కిందకి వస్తాం. లాడ్జర్‌ని ఖాళీ చేయించడానికి కోర్టుకు వెళ్ళనక్కర్లేదు, సరిపడా ముందు చెబితే చాలు. మామూలు అద్దెదారుడి డిపాజిట్‌ని ఓనరు 30 రోజుల్లోగా ప్రభుత్వ ఆమోదం ఉన్న స్కీముకి అప్పగించాలి. అప్పగించకపోతే డిపాజిట్‌కు ఒకటి నుంచి మూడు రెట్లు కట్టాల్సి వస్తుంది. లాడ్జర్‌కి ఆ రక్షణ లేదు. ఇక గుంటూరు ఖాతాకు రూపాయల్లో వెళ్ళిన డబ్బు గురించి లెస్టర్‌లో ఎవరిని అడుగుతాం?

ఇంకొకటి. ఒకే కుటుంబం కానివాళ్ళు అయిదుగురో అంతకంటే ఎక్కువమందో ఒక ఇంట్లో ఉంటే ఆ ఇంటికి హెచ్ఎమ్ఓ లైసెన్స్, అంటే చాలామంది పంచుకునే ఇంటికిచ్చే లైసెన్స్, తప్పనిసరి. 2018 అక్టోబరు నుంచి అది రెండంతస్తుల ఇళ్ళకూ వర్తిస్తోంది. లైసెన్స్ ఇంట్లో ఒక్కరు పడుకునే గది కనీసం 6.51 చదరపు మీటర్లుండాలి, ఇద్దరు పెద్దవాళ్ళయితే 10.22. మన కొలతలో 110 చదరపు అడుగులు. నేను చూసిన టెర్రస్ ఇళ్ళ (గోడకు గోడ ఆనుకున్న వరస ఇళ్ళ) వెనక గదుల్లో రెండు మంచాలు వేస్తే తలుపు పూర్తిగా తెరుచుకోదు. లైసెన్స్ ఉన్న ఇళ్ళ రిజిస్టరు సిటీ కౌన్సిల్ దగ్గర ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు. ముందు ఆ ఇంటి అడ్రస్ అడగండి.

ఇంటిపెద్ద_సీనియర్

అక్కా, ఆ అబ్బాయిని అప్పుడే దొంగని చేసేశారు. నేనూ అలాంటి ఇల్లే నడుపుతున్నా. మొన్నమొన్నటి దాకా ఇక్కడ గ్యారంటర్ (అద్దెకు హామీ ఉండేవాడు) లేని విదేశీ విద్యార్థిని ఆరు నెలల అద్దె ముందే కట్టమనేవాళ్ళు. అంత డబ్బు చేతిలో పెట్టుకుని ఎవరు దిగుతారు? అందుకే పే స్లిప్పులున్న ఒకడు ముందుకొచ్చి సంతకం పెడతాడు. గదిలోవాడు చెప్పకుండా లండన్ వెళ్ళిపోతే ఆ నెల అద్దె నా జేబులోంచే పోతుంది. బాయిలర్ ఆగిపోతే ఏజెంటుకు ఫోన్ చేసి అరిచేదీ నేనే. రూపాయల్లో తీసుకోవడం మాత్రం నాకూ నచ్చలేదు, నేను తీసుకోను.

క్లారెండన్‌పార్క్_అక్క

నువ్వు మంచివాడివే అనుకుందాం. నీ ఓనరు ఒప్పుకున్నట్టు కాగితం ఉందా? లేకపోతే ఆయన నిన్ను ఖాళీ చెయ్యమన్న రోజు నీ వెనక ఉన్నవాళ్ళంతా రోడ్డు మీదే. నీకు జీతం ఉందంటే నువ్వు స్టూడెంట్‌వి కాదు, పీఎస్‌డబ్ల్యూలో, అంటే చదువయ్యాక పని చేసుకునే వీసాలో ఉన్నావు. అందరూ ఫుల్‌టైమ్ స్టూడెంట్లయితేనే ఇంటికి కౌన్సిల్ ట్యాక్స్ (ఇక్కడి ఇంటి పన్ను) పూర్తిగా మినహాయింపు. నీలాంటివాళ్ళు ఒక్కరుంటే పాతిక శాతం తగ్గింపే, ఇద్దరుంటే అదీ లేదు. ఆ బిల్లు నువ్వు తీసుకునే అద్దెలో కలిసి ఉందా, ఏడాది చివర పంచుతావా?

ఇంటిపెద్ద_సీనియర్

కలిసే ఉంది. ఓనరుకు తెలుసు, కాగితం లేదు.

వీసా_వచ్చాకే_టికెట్

హాల్ వైపు మచ్చలు కూడా చెప్పాలి కదా. 51 వారాలంటే 51 వారాలే. మధ్యలో బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగం వచ్చినా, రూమ్ నచ్చకపోయినా, మన బదులు ఇంకో స్టూడెంట్‌ని తెచ్చి అప్పగిస్తేనే విడుదల. జనవరిలో ఆ స్టూడెంట్ ఎక్కడ దొరుకుతాడు?

పైగా 2026 మే 1 నుంచి ఇంగ్లండ్‌లో అద్దె చట్టం మారింది. మామూలు ఇళ్ళలో ఏడాది గడువు కాంట్రాక్టులు లేవు, అద్దెదారుడు రెండు నెలల నోటీసిచ్చి వెళ్ళొచ్చు, ఒక నెలకు మించి అద్దె ముందే అడగకూడదు. ప్రభుత్వ ఆమోదం పొందిన కోడ్ (నియమావళి)లో చేరిన పెద్ద హాళ్ళు ఈ చట్టం బయటే ఉన్నాయి. పైన ఇంటిపెద్ద_సీనియర్ చెప్పిన ఆరు నెలల అడ్వాన్సు కథ ఇళ్ళ విషయంలో అయిపోయింది, హాళ్ళలో ఇంకా నడుస్తుంది. అంకుల్, ఆ హాల్ కాంట్రాక్టులో వీసా రిజెక్ట్ అయితే ఏమవుతుందో ఒకటికి రెండుసార్లు చదవండి. కొన్ని వదిలేస్తాయి, అదీ ఫలానా తేదీలోపు రిజెక్షన్ లెటర్ పంపితేనే.

వంట సంగతి ఎవరూ అడగలేదు. మా హాల్‌లో ఎండుమిర్చి పోపు వేస్తే అలారం మోగి బిల్డింగంతా రాత్రి చలిలో కిందికి దిగాలి. రెండోసారి దిగాక చైనా అబ్బాయిలు నా వంక చూసిన చూపు ఇంకా గుర్తుంది.

నరసరావుపేట_నాన్న

అమ్మా, బాబూ, అందరికీ కృతజ్ఞతలు. మాకు ఇల్లు ఇస్తానన్న సీనియర్ అబ్బాయిని అడ్రస్, ఓనరు ఒప్పుకున్న కాగితం అడిగాను. అడ్రస్ ఇచ్చాడు, కాగితం మాట దాటేశాడు. కౌన్సిల్ రిజిస్టరులో ఆ ఇల్లు కనపడలేదు. కాబట్టి అది వదిలేస్తున్నాం. అలాగని హాల్‌కు ఏడున్నర వేలు పెట్టడం నా వల్ల కాదు. గుజరాతీ కొట్లు చాలా ఉంటాయట, బెల్‌గ్రేవ్ రోడ్డు వైపు ఇళ్ళు చూడమని ఎవరో అన్నారు. నిజమేనా?

కరీంనగర్_పోరడు

వద్దంకుల్. బెల్‌గ్రేవ్ రోడ్డు ఊరికి అవతలి దిక్కు. కరివేపాకు కోసం వారానికోసారి పోతె చాలు, ఉండేటందుకు కాదు. చలికాలంల నాలుగింటికే చీకటైతది. అమ్మాయి రోజూ రెండు బస్సులు మారుడెందుకు?

అక్క మాటకు అడ్డం చెప్తలేను. మా గల్లీల నలుగురు ఆడపిల్లలుండె ఇంట్ల ఒక సింగిల్ రూమ్ ఖాళీ అయితుంది. అందరూ స్టూడెంట్లే. అగ్రిమెంట్ ఏజెంటుతోనే, మధ్యల ఎవ్వలు లేరు. నెలకు 410, బిల్లులతో. ఆ ఇంటికి లైసెన్స్ ఉన్నదని చెప్పిన్రు, మీరు గూడ చూసుకోర్రి. వీడియో కాల్‌ల గది నేను చూపిస్త.

క్లారెండన్‌పార్క్_అక్క

ఇది నయం. ఏడాదికి 4,920, హాల్ కంటే దాదాపు రెండున్నర వేలు తక్కువ. సీనియర్ ఇంటికంటే 1,800 ఎక్కువ, అందుకు ఒప్పుకోవాల్సిందే.

బాబాయ్ గారూ, గది పట్టి ఉంచడానికి ఏజెంటు ఒక వారం అద్దె మాత్రమే అడగాలి, అంటే 94 పౌండ్ల 61 పెన్నీలు దాటకూడదు. డిపాజిట్ అయిదు వారాల అద్దెకు మించకూడదు, అది కూడా ఏజెన్సీ ఖాతాకే. వ్యక్తి పేరుతో ఖాతా ఇస్తే ఆపెయ్యండి. "బిల్లులతో" అన్నచోట గ్యాస్, కరెంటుకు నెలకింత అని పరిమితి పెట్టి ఉంటారు, అదెంతో అడగండి.

అన్నిటికంటే ముందు, అగ్రిమెంటు అయిదుగురికీ కలిపి ఒకటా, గదికొకటా అని అడగండి. కలిపి ఒకటైతే, ఒకమ్మాయి అద్దె ఎగ్గొడితే మిగతావాళ్ళని అడుగుతారు. కొత్త చట్టం వచ్చాక అందులో ఒక్కరు నోటీసిచ్చినా మొత్తం అయిదుగురి అద్దె ఒప్పందమూ ముగిసినట్టే.

కరీంనగర్_పోరడు

అది నేనడగలే అక్కా. పొద్దుగాల ఏజెంటుకు ఫోన్ చేసి ఇక్కడ్నే చెప్త.