తిరుపతి సీరియల్ కిల్లర్ నవల: మొదటి సగం బాగుంది, రెండో సగం ఎందుకు తేలిపోయింది?

తిరుచానూరు పాఠకుడు:
పేరు చెబితే చదవబోయేవాళ్ళకి గుట్టు తెలిసిపోతుంది, అందుకే చెప్పడం లేదు. మొదటి సగం కింద పెట్టనివ్వదు. రేణిగుంట జంక్షన్‌లో అర్ధరాత్రి బండి మారే జనం, అలిపిరి దగ్గర గుంపులోంచి మనిషి మాయం కావడం... రోజూ కొత్త ముఖాలే ఉండే ఊళ్ళో దర్యాప్తు ఎంత కష్టమో రచయిత బాగా పట్టుకున్నారు. తర్వాతే పట్టు జారింది. మే నెలలో, చంద్రగిరి దగ్గర మూతబడిన ఇటుకబట్టీలో, చనిపోయిన 40 గంటలకి శవం దొరుకుతుంది. కట్టెలా బిగుసుకుని ఉందట. అది చూసి డాక్టరు ప్రాణం పోయింది 'రాత్రి 9:15'కి అంటాడు. ఎలిబీ (ఆ సమయానికి నేను వేరేచోట ఉన్నాననే రుజువు) మొత్తం దానిమీదే. చివర్లో ఎస్సై ముందు నేరం ఒప్పుకోవడంతో కథ అయిపోయింది. ఇవి తప్పులేనా?

రుయా రోడ్:
మొదటిది పెద్ద తప్పే. మన ఎండల్లో బిగుతు రెండు మూడు గంటల్లో కనురెప్పలు, దవడ దగ్గర మొదలై 12 గంటలకల్లా ఒళ్ళంతా పాకుతుంది. 24 గంటలు దాటితే సడలడం మొదలవుతుంది. 40 గంటలకి పొట్ట ఉబ్బి, కుడివైపు కింది పొట్టలో పుట్టిన పచ్చరంగు వ్యాపించి, పురుగులు కూడా కనబడాలి. డాక్టర్లు నిమిషం చెప్పరు, ఇన్ని గంటల మధ్య అని రాస్తారు.

రచయితకి కావలసిన ఎలిబీకి దారి మన జిల్లాల్లోనే ఉంది, చింతపండు నిల్వచేసే కోల్డ్ స్టోరేజీ. చలిలో బిగుతు ఆలస్యంగా వచ్చి చాలాసేపు నిలుస్తుంది. శవాన్ని ఒకరోజు అక్కడ ఉంచి తర్వాత బట్టీలో పడేస్తే, నిన్న రాత్రే పోయాడనుకుంటారు. తాళం ఎవరి దగ్గర ఉంటుందో ముందు అధ్యాయంలో మాటల మధ్య చెప్పేస్తే చాలు. పట్టుబడే దారీ ఉంది. నేలకి ఆనినవైపు నెత్తురు దిగి కట్టిన మచ్చ, సుమారు 8 నుంచి 12 గంటలు దాటాక శవాన్ని తిప్పినా మారదు. వెల్లకిలా దొరికిన శవానికి మచ్చలు ఛాతీ మీద ఉంటే ఎక్కడినుంచో తెచ్చారనే కదా!

పాకాల ప్లీడరు:
పోలీసులకి చెప్పిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదండీ. పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో సెక్షన్ 25, 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 23. నేరం ఒప్పుకున్న మనిషి చెప్పినచోట గొలుసో కత్తో దొరికితే ఆ మేరకే చెల్లుతుంది. పైగా హత్య కేసు దర్యాప్తు మామూలుగా సీఐ చేస్తారు. మధ్యవర్తులుగా వీఆర్వోల్ని పిలిచి, వాళ్ళ ఎదుట వస్తువు తీయించి సంతకాలు పెట్టించే ఘట్టం రాసుంటే ముగింపుకి బలం వచ్చేది.

చిత్తూరు చదువరి:
నాకు ఇంకోటి నచ్చలేదన్నా. హంతకుడి అధ్యాయాలన్నీ 'వాడు వచ్చాడు, వాడు చూశాడు' అని రాసి, చివర్లో ఆడమనిషి అంటే ఎట్లా? 'నేను వచ్చాను' అని రాసుంటే ఆడో మగో బయటపడదు, అబద్ధమూ ఆడినట్టు కాదు. రెండోసారి చదివేటప్పుడు ప్రతి పేజీలో ఆధారం దొరికేది. అయినా మొదటి నూరు పేజీల కోసం చదవమనే చెప్తా, రేణిగుంట ప్లాట్‌ఫారం అంత బాగా రాసింది ఇంకోటి చూళ్ళేదు.