వార్విక్ డేవిస్‌ది గొప్ప కెరీరా, మాస్కుల వెనక దాచేసిన కెరీరా?

పాతరీలు:
2025 ఫిబ్రవరిలో బాఫ్టా (బ్రిటన్ సినిమా అవార్డుల సంస్థ) వాళ్ళు బ్రిటిష్ పొట్టి నటుడు వార్విక్ డేవిస్‌కి ఫెలోషిప్ ఇచ్చారు కదా, వాళ్ళిచ్చే వాటిల్లో అదే పెద్దది, నేనూ సంతోషపడ్డా. కానీ ఆయన చేసిన పాత్రలు ఓసారి వరసగా పెట్టి చూడండి. 1983లో స్టార్ వార్స్ సినిమా రిటర్న్ ఆఫ్ ది జెడైలో వికెట్ అనే ఎలుగుపిల్ల లాంటి జీవిగా బొచ్చు సూటు. 1993 నుంచి లెప్రకాన్ అనే హారర్ వరస, ఆరు సినిమాలు, మొహం నిండా రబ్బరు. హ్యారీ పాటర్‌లో ఫ్లిట్విక్‌కి గడ్డం, గ్రిప్‌హుక్‌కి గోబ్లిన్ ముక్కు. 40 ఏళ్ళు పైబడి పనిచేసిన మనిషి అసలు మొహం సినిమాల్లో మనకి ఎన్నిసార్లు కనపడింది? వాళ్ళకి కావాల్సింది ఆయన మూడున్నర అడుగుల ఎత్తే, మిగతాదంతా ఇప్పుడు స్టేజీ మీద చెప్పే కబుర్లు. కాదనేవాళ్ళు రండి.

సెకండ్‌షో_సీను:
వచ్చా. మాస్కు పెట్టుకుంటే నటన కాకుండా పోద్దా? ఆ వికెట్ పాత్ర అసలు కెన్నీ బేకర్ చేయాల్సింది, అదే ఆర్‌టూ-డీటూ అనే రోబో లోపల ఉండే ఆయన, ఆయనకి ఫుడ్ పాయిజనింగ్ అయితే గుంపులో ఒకడిగా వచ్చిన ఈ 11 ఏళ్ళ పిల్లాడికిచ్చారు. సూటులో కళ్ళు ఆడవు, మాట లేదు, ఉన్నదల్లా మెడా భుజాలూ. వాళ్ళింట్లో కుక్క తల పక్కకి వంచి చూస్తుంటే అది పట్టుకున్నాడు ఆ పిల్లాడు. రాకుమారి లేయా పడి ఉన్న సీను మళ్ళీ చూడు, ఈటెతో పొడిచి చూస్తాడు, ఆమె తినడానికి ఇస్తే వాసన చూస్తాడు, ఆమె హెల్మెట్ తియ్యగానే ఒక్క గెంతు వెనక్కి. అంత పెద్ద యుద్ధం సినిమాలో నాకు గుర్తున్నది ఆ గెంతే.

బాల్కనీ_బాబ్జీ:
పొట్టోడు గట్టోడు అని ఊరికే అన్నారా 😄

మెరుపుతీగ:
బాబ్జీ గారూ, ఇలాంటివి చిన్నప్పట్నించీ విని విని విసుగెత్తిన వాళ్ళు కూడా ఇక్కడ చదువుతుంటారు, ఆపండి ప్లీజ్.

పాతరీలు:
సీనూ, ఆయనకి నటన రాదని నేనెక్కడన్నా? రాబట్టే కదా నా ఏడుపు. 1988లో విల్లో వచ్చింది, షూటింగ్ అప్పటికి 17 ఏళ్ళు, హీరో. పొలం దున్నుకునే మనిషి, పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, మంత్రాలు నేర్చుకోవాలని ఆశ. మాస్కూ లేదు ముక్కూ లేదు, సినిమా మొత్తం భుజాన మోశాడు. తర్వాత ఏంటి? అయిదేళ్ళకి లెప్రకాన్. మధ్యలో ఒక్కళ్ళకైనా ఈ కుర్రాడికో మామూలు మనిషి పాత్ర రాద్దామని చెయ్యాడలేదా?

మెరుపుతీగ:
ఇందులో సగం ఒప్పుకుంటా. రాస్తే వస్తాయి అనడానికి సాక్ష్యాలున్నాయి. పొట్టి నటుడు మైకేల్ డన్‌కి షిప్ ఆఫ్ ఫూల్స్‌కి ఆస్కార్ నామినేషన్ వచ్చింది, 1965 సినిమా అది. ఇంకో పొట్టి నటుడు పీటర్ డింక్లేజ్‌ది 2003లో ది స్టేషన్ ఏజెంట్, రైళ్ళ పిచ్చి ఉన్న ఒంటరి మనిషి కథ. తర్వాత గేమ్ ఆఫ్ థ్రోన్స్ సిరీస్‌లో టిరియన్‌ పాత్రకి నాలుగు ఎమ్మీలు, అంటే అమెరికా టీవీ అవార్డులు. కానీ అదే డింక్లేజ్ 2022లో ఏడుగురు మరుగుజ్జుల కథ స్నో వైట్ మళ్ళీ తీయడం మీద మండిపడ్డాక ఏమైంది? 2025లో వచ్చిన సినిమాలో ఆ ఏడుగురూ కంప్యూటర్ బొమ్మలు! పొట్టి నటులు కొందరు అప్పుడే బయటికి వచ్చి అన్నారు, నీకు కడుపు నిండింది, మా నోటికాడి కూడు తీసేశావ్ అని. రబ్బరు ముక్కు పోతే ఆ స్థానంలో లాయరు లాంటి మామూలు మనిషి పాత్ర వస్తుందని మీరనుకుంటున్నారు, వచ్చింది గ్రాఫిక్స్.

సెకండ్‌షో_సీను:
అద్దీ! డేవిస్ ఆ సంగతి ఎప్పుడో గ్రహించాడు. 1995లోనే మామగారితో కలిసి విల్లో మేనేజ్‌మెంట్ అని ఏజెన్సీ పెట్టాడు, అయిదడుగుల లోపు నటుల కోసం. పాటర్ సినిమాల బ్యాంకులో గోబ్లిన్లుగా కనపడే వాళ్ళల్లో ఆ ఏజెన్సీ వాళ్ళు బోలెడు మంది. తను తినడమే కాదు పదిమందికి పెట్టాడు.

పాతరీలు:
అంటే ముక్కులు తగిలించుకునే వాళ్ళని ఇంకా సప్లై చేశాడన్నమాట, బాగుంది. సొంత మొహంతో చేసిన పెద్ద పని ఒకటుంది, 2011లో లైఫ్స్ టూ షార్ట్ అనే కామెడీ సిరీస్, బీబీసీ. అందులో ఏంటి జోకు? పెద్ద కారు దిగబోయి కిందపడ్డం. మొహం చూపించినా నవ్వేది ఎత్తు మీదే.

మెరుపుతీగ:
ఆ సిరీస్ ఐడియానే డేవిస్‌దండీ, పడేది ఆయనే, నవ్వించేది ఆయనే. అందులో ఆయన వేసింది గొప్పలు పోయే, పనికిమాలిన తెలివితేటలున్న ఏజెంటు పాత్ర, అంటే తన ఏజెన్సీ మీద తనే వేసుకున్న సెటైర్. కారు జోకు ఒక్కటే గుర్తుంటే తప్పు ఆయనదా?
ఇంకోటి, ఐటీవీలో 2016 నుంచి టెనబుల్ అని క్విజ్ షో నడిపాడు. సూటేసుకుని నిలబడి ప్రశ్నలడిగే యాంకరు. అక్కడ ఎత్తుతో పనేముంది?

కెమెరా_వెనక:
మీరంతా హీరోల గురించే మాట్లాడుతున్నారు. లార్డ్ ఆఫ్ ది రింగ్స్‌లో మరుగుజ్జు గిమ్లీగా చేసిన జాన్ రైస్-డేవిస్ ఆరడుగుల మనిషి. పొట్టి హీరో ఫ్రోడో దూరంగా నడిచే షాట్లలో ఉన్నది పొట్టి నటుడు కిరణ్ షా, మొహం మాత్రం వేరేవాళ్ళది. వాళ్ళతో పోలిస్తే డేవిస్‌కి కనీసం టైటిల్స్‌లో పేరు పడింది, జనానికి పేరు తెలుసు. ఇంకో మాట, మనవాళ్ళం పెద్ద కబుర్లు చెప్పే ముందు 1989లో విచిత్ర సోదరులులో కమల్ మరుగుజ్జుగా చేస్తే ఈలలు వేసింది ఎవరో గుర్తు తెచ్చుకోండి. నేనూ వేశా, ఇప్పుడు టీవీలో వచ్చినా కదలను.

పాతరీలు:
సరే, ఏజెన్సీ మాట ఇచ్చేస్తున్నా, అది మంచి పనే. విల్లో గురించి మాత్రం తగ్గను. 2022లో సిరీస్‌గా మళ్ళీ తెచ్చారు, మళ్ళీ ఆయనే, మళ్ళీ సొంత మొహం. 2023 మార్చిలో ఆపేశారు, మే నెలకి డిస్నీ వాళ్ళు ప్లాట్‌ఫారం నుంచే పీకేశారు. లెప్రకాన్ మాత్రం ఎక్కడ కావాలంటే అక్కడ దొరుకుద్ది. ఆ ఫెలోషిప్ చేతిలో పెట్టిన వాళ్ళు ఒక్క సినిమాలో పక్కింటాయన పాత్రో, లాయరు పాత్రో ఇవ్వనివ్వండి, ఈ థ్రెడ్ నేనే మూసేస్తా.

సెకండ్‌షో_సీను:
లాయరు పాత్ర ఇచ్చిన రోజున "పొట్టాయనకి లాయరు వేషమిచ్చి మార్కులు కొట్టేద్దామనుకుంటున్నారు" అని కొత్త థ్రెడ్ తెరిచేది కూడా నువ్వేలే.