క్షయకరణి క్షయమవుతుందా?

తిరుపతి నుంచి: ఇంటర్ పిల్లలు ‘ఆల్డిహైడ్ మంచి క్షయకరణి (రెడ్యూసింగ్ ఏజెంట్)’ అని చదివి, క్షయకరణం (రిడక్షన్, అంటే ఎలక్ట్రాన్లు చేరడం) పొందేది ఆల్డిహైడే అని రాసేస్తున్నారు. మాటలోనే తిరకాసు ఉంది. దాని బదులు ‘తగ్గించేది’ అని రాస్తే సరిపోదా?

చిత్తూరు నుంచి: మాటలో తప్పేం లేదన్నా. ‘కరణి’ అంటే చేసేది, చేయించుకునేది కాదు. విశల్యకరణి ఒంట్లో దిగిన ములుకును తీస్తుంది, ములుకు దిగింది మూలికకు కాదు కదా! క్షయకరణీ అంతే, ఎదుటిదాన్ని తగ్గిస్తుంది. క్షయ అనగానే దగ్గు జబ్బు తలుచుకోకండి, పంచాంగంలో తిథి క్షయం చూడండి.

పుత్తూరు నుంచి: ఆల్డిహైడ్‌ను గుర్తించే టోలెన్స్ పరీక్షలో వెండి అయాన్‌కు ఎలక్ట్రాన్ వచ్చి చేరుతోంది. చేరితే తగ్గడం ఏమిటి?

చిత్తూరు నుంచి: ఎలక్ట్రాన్‌ది ఋణావేశం. ఋణమంటే అప్పే. అప్పు చేరితే ఉన్నది తగ్గదూ? ఆ పరీక్షలో వెండి ఆక్సీకరణ సంఖ్య +1 నుంచి సున్నాకు దిగుతుంది. ఆల్డిహైడ్ కార్బన్ +1 నుంచి +3కు ఎక్కి, ఆల్డిహైడ్ కార్బాక్సిలిక్ ఆమ్లపు లవణమవుతుంది. రెండు మెట్లు ఎక్కింది కాబట్టి రెండు వెండి అయాన్లు ఒక్కో మెట్టు దిగాలి. 44 గ్రాముల (ఒక మోల్) అసిటాల్డిహైడ్‌కు లెక్క ప్రకారం 216 గ్రాముల (రెండు మోల్‌ల) వెండి.

తిరుపతి నుంచి: లెక్క కుదిరింది. నాళిక గోడకు వెండి పూతగా పట్టాల్సిన అద్దమే కుదరదు, నల్లపొడి వస్తుంది.

చిత్తూరు నుంచి: పరీక్షనాళికకు జిడ్డు ఉంటే అంతే. 5 శాతం సిల్వర్ నైట్రేట్ 2 మి.లీ., 10 శాతం సోడియం హైడ్రాక్సైడ్ ఒక చుక్క. గోధుమరంగు అవక్షేపం పడుతుంది. అది కరిగేదాకే సజల అమ్మోనియా చుక్కచుక్కగా పోయాలి, ఎక్కువైతే పరీక్ష మందగిస్తుంది. తర్వాత ఆల్డిహైడ్ నాలుగు చుక్కలు వేసి 60 డిగ్రీల నీళ్లలో కదపకుండా ఉంచండి. నేరుగా మంట మీద పెట్టొద్దు. బోరు నీళ్లు అసలే వద్దు, క్లోరైడ్ ఉంటే మొదట్లోనే తెల్లగా మసకేస్తుంది.

పుత్తూరు నుంచి: చక్కెరకు రాని అద్దం బెల్లం నీళ్లకు వస్తుందంటారే?

చిత్తూరు నుంచి: వస్తుంది. చక్కెరలో కార్బొనిల్ (C=O భాగం) రెండు వైపులా కట్టుబడి ఉంటుంది. బెల్లంలో విడి గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఉంటాయి. ఫ్రక్టోజ్ కీటోనే అయినా క్షారంలో గ్లూకోజ్, మానోజ్‌గా మారుతుంది, అందుకని అదీ క్షయకరణే. మిగిలిన కారకాన్ని (అమ్మోనియా కలిపిన వెండి ద్రావణాన్ని) మాత్రం సీసాలో దాచొద్దు, నిలవుంటే పేలే పదార్థం తయారవుతుంది. వెంటనే సజల నైట్రిక్ ఆమ్లం కలిపి పారేయాలి.