కొత్త సిస్టమ్ కంటే ముందు ఆఫీసు పనంతా చార్టుగా గీయాలా?

గీతల మాష్టారు: ప్రభుత్వ శాఖకు సాఫ్ట్‌వేర్ ప్లాన్ చేసేముందు అక్కడ ఇప్పుడు పని ఎలా నడుస్తోందో గీసి తీరాలని నా వాదన. మా టీములో కుర్రాళ్లు దండగ అంటున్నారు. ఏ పనిలో ఏ సమాచారం పుడుతుందో, దాన్ని ఎవరెవరు వాడుకుంటారో తేల్చకపోతే ఒకే మనిషి చిరునామా నాలుగు సెక్షన్లలో నాలుగు రకాలుగా ఉంటుంది. 1970ల్లోనే ఐబీఎం వాళ్ల బిజినెస్ సిస్టమ్స్ ప్లానింగ్ అనే పద్ధతిలో పనులు ఒకవైపు, డేటా ఇంకోవైపు పెట్టి గళ్ల పట్టిక వేయించేవారు. మీరేమంటారు?

పాత ఫైలు: దండగే. ఎనిమిది నెలలు గీశాక రూల్స్ మారతాయి, చార్టులు బీరువాలోకి పోతాయి. పాత పనిని అలాగే కంప్యూటర్‌కెక్కించకండి, తీసిపారేయండని మేనేజ్‌మెంట్ నిపుణుడు మైకేల్ హ్యామర్ 1990లోనే మొత్తుకున్నాడు.

గీతల మాష్టారు: తీసిపారేయాలన్నా ఏముందో తెలియాలి కదండీ! ప్రభుత్వంలో కొన్ని మెట్లు చట్టం పెట్టినవి. నోటీసు ఇవ్వకుండా దరఖాస్తు కొట్టేస్తే కోర్టులో నిలబడదు. ఏది చట్టమో, ఏది అలవాటో చార్టు చూస్తేనే విడిపోతుంది. గుర్తులకు బీపీఎంఎన్ ఉంది, పని నడిచే తీరును గీసే గుర్తుల పద్ధతి. 2013 నుంచి అది ఐఎస్ఓ అంతర్జాతీయ ప్రమాణం కూడా.

బాణం గుర్తు: ప్రభుత్వానికి బీపీఎంఎన్ ఎందుకు? పనుల్ని డబ్బాలు, బాణాలతో గీసే ఐడెఫ్ జీరో పద్ధతి ఉందిగా. 1993లో అమెరికా ప్రభుత్వ ప్రమాణం.

పాత ఫైలు: 2008లో ఎత్తేశారు.

బాణం గుర్తు: ఎత్తేస్తే పనికిరానిదైపోతుందా?

కౌంటర్ 3: గుర్తుల గొడవ ఆపండి. మా ఆఫీసులో గీశారు. నా పని "దరఖాస్తు పరిశీలన" అని ఒక డబ్బా, తర్వాత డైమండ్, దాని నుంచి రెండు బాణాలు: ఆమోదం, తిరస్కరణ. కాగితం తక్కువైన దరఖాస్తుల్ని నేను టేబుల్ మూల పెట్టుకుని, ఫోన్ చేసి తెప్పించుకునేదాన్ని. ఆ మూల చార్టులో లేదు. సిస్టమ్ వచ్చాక అవన్నీ తిరస్కరణలో పడ్డాయి. జనం తిట్టింది నన్ను.

గీతల మాష్టారు: అది మోడలింగ్ తప్పు కాదు. మీరు చెప్పలేదు, వాళ్లు గీయలేదు.

కౌంటర్ 3: ఓహో, తప్పు నాదా! పక్కనే పైఅధికారిని కూర్చోబెట్టి అడిగితే ఎవరు చెబుతారు? రూల్ ప్రకారం అలా పెట్టుకోకూడదు. పుస్తకంలో ఉన్నదే చెప్పాను. ఇప్పుడు అదే చార్టులో నా డబ్బా పక్కన "సగటు జాప్యం 9 రోజులు" అని ఎర్రగా రాసి గోడకంటించారు.

పాత ఫైలు: నేను మొదట్నుంచీ చెబుతున్నది ఇదే.

గీతల మాష్టారు: కాదు, మీరు చెప్పింది టైము వృథా అని. మేడమ్ చెబుతున్నది వేరే. సరే, ఆ 9 రోజుల సంగతి గీసినవాళ్లు కాస్త ఆలోచించాల్సింది. అధికారి పక్కన లేకపోతే ఆ టేబుల్ మూల సంగతి చెప్పేవారా?

కౌంటర్ 3: చెప్పేదాన్ని కాదు. చార్టు చివరికి వెళ్లేది ఆయన టేబుల్ మీదకే కదా. దాన్ని చూసి ఏ మెట్టు కొట్టేయాలో ఆయన ఒక్కరే తేలుస్తారని ముందే తెలిస్తే మీరైనా చెబుతారా?

గీతల మాష్టారు: నేను చేసిన ప్రాజెక్టుల్లో కూడా ఆఖరి సంతకం పైవాళ్లదే. కింది సిబ్బందికి చార్టు తిరిగి చూపించిన గుర్తు లేదు.

బాణం గుర్తు: ఐడెఫ్‌లో దీనికి చోటుంది. డబ్బా పైనుంచి దిగే బాణం కంట్రోల్, అంటే పనిని నడిపే రూలు; ఎడమ నుంచి వచ్చేది ఇన్‌పుట్, అంటే పనిలోకి వచ్చే దరఖాస్తు లాంటిది. మీవాళ్లు ఆ రెండూ కలిపేసి ఉంటారు.